రెండేళ్ల బీటెక్ చదువు డిగ్రీలో కలుస్తుందా?

పేరు వద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 22 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 2021లో బీటెక్ కంప్యూటర్ సైన్సులో చేరారు. నాలుగు సెమిస్టర్లు బాగానే గడిచాయి. మ్యాథ్స్ 2, డిజిటల్ లాజిక్ మాత్రం పాసవక బ్యాక్‌లాగ్స్‌గా మిగిలాయి. థర్డ్ ఇయర్ మొదలైన నెలలోనే నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రికీ ఇంటికీ తిరగడంతో అటెండెన్స్ పడిపోయింది, మూడో ఏడు మొదటి సెమిస్టర్‌లో డిటెయిన్ చేశారు, అంటే పరీక్షలు రాయనివ్వకుండా ఆపేశారు. ఆ తర్వాత కాలేజీ గడప తొక్కలేదు. ఇప్పుడు ఒక ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నారు. నాన్నగారు చేతికర్ర సాయంతో నడవగలుగుతున్నారు. ఆమెకు మళ్లీ చదవాలని ఉంది.

మార్కుల మెమోలు కూడితే 76 క్రెడిట్లు వచ్చాయి. వాళ్ల అన్నయ్య ఒక కన్సల్టెన్సీకి వెళ్తే అక్కడి మనిషి ఇలా చెప్పాడట: "డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. మీ చెల్లెలి దగ్గర 76 ఉన్నాయి. మిగతా 44 ఒకే సిట్టింగ్‌లో రాయించి ఆరు నెలల్లో బీసీఏ పట్టా చేతిలో పెడతాం. 85 వేలు అవుతుంది. పాత తేదీతో అడ్మిషన్ చూపిస్తాం కాబట్టి గ్యాప్ కూడా కనిపించదు." అన్నయ్య అడ్వాన్సు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. మరోవైపు పాత కాలేజీ ఇంటర్ ఒరిజినల్స్, టీసీ ఇవ్వాలంటే మిగిలిన రెండేళ్ల ఫీజూ కట్టమంటోంది. అమ్మగారేమో మళ్లీ మొదటి నుంచి డిగ్రీలో చేరమంటున్నారు. "పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన ఫస్ట్ ఇయర్‌లో కూర్చోవాలంటే తల కొట్టేసినట్టుంది. నేను చదివిన రెండేళ్లకు విలువ ఉందా లేదా, అది చెప్పండి చాలు" అంటూ ఉత్తరం ముగించారు.

మీరు చదివినదానికి విలువ ఉందమ్మా. అయితే అది ఎక్కడ చేరితే ఎంత అన్నది మారిపోతుంది. 76 అన్న అంకె మీ పాత యూనివర్సిటీలో 76గానే ఉంటుంది. ఇంకో యూనివర్సిటీకి వెళ్తే అది 30 కావచ్చు, 40 కావచ్చు, కొన్నిచోట్ల సున్నా కూడా కావచ్చు. మీ చిక్కంతా ఇక్కడే ఉంది. కన్సల్టెన్సీ మనిషి సొమ్ము చేసుకోవాలనుకుంటున్నదీ దీన్నే.

ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట చొప్పున దాదాపు 15 గంటల పాఠం. ల్యాబ్ అయితే 30 గంటలు. కొత్త కాలేజీ మిమ్మల్ని చేర్చుకునేటప్పుడు మొత్తం అంకెను చూడదు. మీ మెమోలో ఒక్కో సబ్జెక్టు తీసుకుని, దాని సిలబస్ తమ సిలబస్‌తో ఎంతవరకు సరిపోతుందో చూస్తుంది. సరిపోతేనే ఆ క్రెడిట్లు ఇస్తుంది.

మీ మెమోలనే తీసుకుందాం. డేటా స్ట్రక్చర్స్ థియరీకి 3, ల్యాబ్‌కు 1.5 క్రెడిట్లు వచ్చాయని రాశారు. బీసీఏలోనూ అదే సబ్జెక్టు ఉంటుంది కాబట్టి అది కలిసే అవకాశం ఎక్కువ. సీ ప్రోగ్రామింగ్, జావా, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఇంగ్లిష్ కూడా అంతే. ల్యాబ్‌లతో కలిపి ఒక్కోదానికి 4.5 వేసుకుంటే ఈ ఆరింటికి 27. మ్యాథ్స్ 1 పాసయ్యారు కాబట్టి ఇంకో 3. మొత్తం 30. మరి ఇంజనీరింగ్ డ్రాయింగ్? వర్క్‌షాప్? ఫిజిక్స్, కెమిస్ట్రీ, బేసిక్ ఎలక్ట్రికల్? బీసీఏలో వీటికి చోటుండదు. పర్యావరణం పేపర్ కూడా పాసయ్యానని ప్రత్యేకంగా రాశారు. బీటెక్‌లో అది తప్పనిసరి సబ్జెక్టే, కానీ మీ మెమోలో దానికి సున్నా క్రెడిట్లు ఉంటాయి, చూడండి. క్రెడిట్ లేని సబ్జెక్టుకు బదిలీ చేయడానికంటూ ఏమీ ఉండదు. బ్యాక్‌లాగ్స్‌కూ అంతే, పాసైతేనే క్రెడిట్.

ఇంకో నిబంధన కూడా ఉంది. విద్యార్థుల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) కోసం యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, పట్టా ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. డిగ్రీకి 120 కావాలంటే అందులో 60 అక్కడే చదివి తెచ్చుకోవాలన్నమాట. మీ 76కు 76 సరిపోయినా 60కి మించి కలవవు. కాబట్టి "మిగిలింది 44" అన్న లెక్క ఏ యూనివర్సిటీలోనూ తేలదు. సెమిస్టర్‌కు 20 క్రెడిట్ల చొప్పున వేసుకున్నా మూడు సెమిస్టర్లు కూర్చుని చదవాల్సిందే. ఆరు నెలల మాట అక్కడితో పోయింది.

30 క్రెడిట్లు కలిశాయనుకోండి, ఒకటిన్నర సెమిస్టర్ తగ్గిపోతుందని ఆశపడకండి. కలిసే సబ్జెక్టులు బీసీఏలో ఒకే చోట ఉండవు. సీ ప్రోగ్రామింగ్ మొదటి సెమిస్టర్‌లో ఉంటే డీబీఎంఎస్ మూడులోనో నాలుగులోనో ఉంటుంది. అందువల్ల రాయాల్సిన పేపర్లు తగ్గుతాయి గానీ, చదవాల్సిన సంవత్సరాలు అదే లెక్కలో తగ్గవు. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. చేరేముందు "ఎన్ని క్రెడిట్లు కలుపుతారు?" అని మాత్రమే అడుగుతారు. మీరు "నన్ను ఏ సెమిస్టర్‌లో కూర్చోబెడతారు?" అని కూడా అడగండి.

ఇప్పుడు మీ అన్నయ్య తెచ్చిన ప్రతిపాదన సంగతి. మిగతా దారుల విషయంలో మీ ఇష్టం అంటాను గానీ దీని విషయంలో అలా అనలేను. పాత తేదీతో అడ్మిషన్ చూపిస్తారన్నారు. అంటే 2022లోనో 2023లోనో మీరు ఎక్కడో బీసీఏలో ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తారు. అదే కాలంలో మీరు బీటెక్ తరగతుల్లో ఉన్నారు. ఆ మెమోల మీద తేదీలున్నాయి, పరీక్ష రాసిన రికార్డు యూనివర్సిటీ దగ్గరుంది. రేపు ఒక కంపెనీ మీ సర్టిఫికెట్లను వెరిఫికేషన్‌కు పంపితే ఆ రెండు రికార్డులూ పక్కపక్కన కనిపిస్తాయి. ఇప్పుడు పనిచేస్తున్న ఆస్పత్రిలో మీకు పీఎఫ్ కడుతూ ఉంటే మూడో రికార్డు కూడా ఉన్నట్టే. అప్పుడు అడగాల్సింది కన్సల్టెన్సీ మనిషిని, కానీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరు. దొంగ తేదీల పట్టా పెట్టి ఉద్యోగం తెచ్చుకుంటే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు దాకా వెళ్తుంది. మీరు నిజంగా చదివిన రెండేళ్లు కూడా ఆ మచ్చ కింద పడిపోతాయి. గ్యాప్ దాచాల్సిన అవసరమే మీకు లేదు. నాన్నగారి చికిత్స కాగితాలున్నాయి, ఉద్యోగం చేసిన రికార్డుంది. అంతకన్నా గట్టి జవాబు ఏముంటుంది?

ఆ మనిషి "అకడమిక్ బ్యాంకులో క్రెడిట్లు మేమే వేయిస్తాం" అని కూడా అన్నాడట. అందులో క్రెడిట్లు ఎక్కించేది చదువు చెప్పిన సంస్థ మాత్రమే. విద్యార్థి ఎక్కించలేడు, దళారీ అసలే ఎక్కించలేడు. మీరు చేయాల్సింది డిజిలాకర్‌లోకి వెళ్లి మీ ఏబీసీ ఐడీ కింద ఏం కనిపిస్తోందో చూసుకోవడం. 12 అంకెల ఆ ఐడీ లేకపోతే అక్కడే ఉచితంగా తీసుకోవచ్చు. 2021-22 నుంచి చదివిన సబ్జెక్టులకు ఈ పద్ధతి వర్తిస్తుంది కాబట్టి మీ బ్యాచ్ దీని కిందికి వస్తుంది. సెమిస్టర్లు కనిపించకపోతే కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌కు హాల్‌టికెట్ నంబరు, మెమో కాపీలు జతచేసి రాతపూర్వకంగా అడగండి. ఈ క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లే చెల్లుతాయి. మీ ఫస్ట్ ఇయర్‌వి 2022 నాటివి, అంటే 2029 దాకా. గడువు ఉంది కానీ వాయిదా వేసుకుంటూ పోయేంత లేదు.

ఇక మీ ముందున్న దారులు. ఉత్తరం మొత్తంలో మీరు ఒక్కసారి కూడా ప్రస్తావించని దారితో మొదలుపెడతాను. బీటెక్‌కే తిరిగి వెళ్లడం. మీరు ఆగింది మూడో ఏడు మొదటి సెమిస్టర్‌లో. రీఅడ్మిషన్ తీసుకుంటే మీకు మిగిలింది నాలుగు సెమిస్టర్లు, అంటే రెండేళ్లు. బీసీఏలో కొత్తగా చేరితే మూడేళ్లు, క్రెడిట్లు కలిసినా రెండు, రెండున్నర. దూరంగా కనిపిస్తున్న దారే నిజానికి దగ్గర. పైగా మీ 76 క్రెడిట్లలో ఒక్కటి కూడా పోదు. జేఎన్‌టీయూల వంటి యూనివర్సిటీల్లో నాలుగేళ్ల బీటెక్ పూర్తి చేయడానికి చేరిన ఏడాది నుంచి ఎనిమిదేళ్ల గడువు ఉంటుంది. మీకది 2029 వరకు. మీ యూనివర్సిటీ అకడమిక్ రెగ్యులేషన్స్ పుస్తకం వెబ్‌సైట్‌లో ఉంటుంది, అందులో గరిష్ఠ కాలం గురించి రాసిన పేరా చదివి నిర్ధారించుకోండి.

దీనివల్ల వచ్చే ఇబ్బందులూ చెప్పాలి. రోజూ కాలేజీకి వెళ్లాలి, 75 శాతం అటెండెన్స్ కావాలి. జీతం ఆగిపోతుంది. ఈలోపు రెగ్యులేషన్, అంటే సిలబస్ నిబంధనలు, మారితే, మీరు చదవని కొన్ని సబ్జెక్టులు అదనంగా రాయమంటారు, చదివిన కొన్నింటికి మినహాయింపు ఇస్తారు. ఆ జాబితా రీఅడ్మిషన్ ఉత్తర్వుతో పాటే ఇస్తారు, అది చూశాకే ఫీజు కట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద చదివి ఉంటే, గ్యాప్ తర్వాత అది మళ్లీ వస్తుందో లేదో కూడా ముందే తేల్చుకోవాలి. రెండు బ్యాక్‌లాగ్స్ ఎలాగూ రాయాలి. పాత కాలేజీ ముఖం చూడాలని లేకపోతే, అదే యూనివర్సిటీ కింద మీ ఇంటికి దగ్గర్లో ఉన్న మరో కాలేజీకి మారడానికి రెండు కాలేజీల నిరభ్యంతర పత్రాలతో యూనివర్సిటీ అనుమతి కోరవచ్చు. ఆ అనుమతి తెచ్చుకోవడం సులువు కాదు. అయినా అడిగి చూడదగ్గ విషయమే. జూనియర్ల పక్కన కూర్చోవడం గురించి మీకు బెరుకుందని తెలుసు. థర్డ్ ఇయర్ క్లాసులో మీకూ వాళ్లకూ రెండు మూడేళ్ల తేడా ఉంటుంది. ఒకసారి ల్యాబ్‌లో అందరికంటే ముందు మీ ప్రోగ్రామ్ రన్ అయిందంటే ఆ తేడా ఎవరికీ గుర్తుండదు.

రెండోది రెగ్యులర్ బీసీఏ లేదా బీఎస్సీ కంప్యూటర్స్, క్రెడిట్ బదిలీతో. డిగ్రీ కౌన్సెలింగ్‌లో దొరికే సీట్లు మొదటి సంవత్సరానివి. నేరుగా రెండో సంవత్సరంలో కూర్చోవాలంటే కాలేజీ ప్రిన్సిపాల్ మాట చాలదు, యూనివర్సిటీ ఉత్తర్వు కావాలి. "ముందు చేరండి, క్రెడిట్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారంటే మీరు ఫస్ట్ ఇయర్ విద్యార్థి కింద చేరినట్టే లెక్క. బీసీఏ 2024-25 నుంచి సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చింది కాబట్టి కాలేజీకి ఆ అనుమతి ఉందో లేదో కూడా చూడండి. బీసీఏ తర్వాత ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ చేస్తే సాఫ్ట్‌వేర్ వైపు మంచి దారే, కానీ మొత్తం నాలుగైదేళ్లు పడుతుంది. మ్యాథ్స్ 2 మీకు పీడకలలా ఉందని రాశారు. ఆ భయం నిజంగా అంత పెద్దదైతే ఈ దారి నయం.

మూడోది ఉద్యోగం మానకుండా ఓపెన్ యూనివర్సిటీలో చదవడం. ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ (ఇగ్నో)లో జనవరి, జూలై అని ఏడాదికి రెండుసార్లు అడ్మిషన్లుంటాయి. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల లోపు ఎప్పుడైనా పూర్తి చేయవచ్చు. నాన్నగారికి మళ్లీ ఏదైనా అయినా మీ చదువు డిటెయిన్ కాదు, ఒక పరీక్ష తర్వాతి సెషన్‌కు జరుగుతుంది, అంతే. మీ పరిస్థితిలో ఇది చిన్న సౌకర్యం కాదు. గుర్తింపు ఉన్న సంస్థ దూరవిద్యలో ఇచ్చిన పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యూజీసీ 2022లో స్పష్టంగా ప్రకటించింది. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే యూజీసీ దూరవిద్యా విభాగం (డీఈబీ) పోర్టల్‌లో డీఈబీ ఐడీ తీసుకోవాలి, దానికి మీ ఏబీసీ ఐడీ అవసరం. ఈ దారిలో క్రెడిట్ బదిలీ మీద ఆశ పెట్టుకోకుండా నిర్ణయం తీసుకోండి. దరఖాస్తు పెట్టండి, వస్తే మంచిదే. రాకపోయినా మీకు వచ్చిన సీ, జావా, డీబీఎంఎస్ మళ్లీ చదవడానికి రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు. ల్యాబ్‌లకు మాత్రం స్టడీ సెంటర్‌కు వెళ్లాల్సి ఉంటుంది, ఆస్పత్రిలో షిఫ్టులు మార్చుకునే వీలుందేమో అడిగిపెట్టుకోండి. ఒక హెచ్చరిక: ఎవరైనా "దూరవిద్యలో బీటెక్ పూర్తి చేయిస్తాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇంజనీరింగ్ డిగ్రీలను దూరవిద్యలో ఇవ్వడానికి యూజీసీ అనుమతి లేదు.

ఈ మూడింటిలో ఏది అన్నది మీకు పట్టా దేనికోసమో తేలితే సగం తేలిపోతుంది. ఆ ఒక్క సంగతీ మీరు రాయలేదు. గ్రూప్-2 లాంటి పరీక్షలు రాయాలంటే ఏదైనా గుర్తింపు ఉన్న డిగ్రీ చాలు, అప్పుడు పాత క్రెడిట్ల కోసం కంప్యూటర్స్‌నే పట్టుకుని వేలాడక్కర్లేదు. క్యాంపస్ ద్వారా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావాలంటే బీటెక్ పూర్తి చేయడంలోనే లాభం ఎక్కువ. ఆస్పత్రిలోనే పైమెట్టు ఎక్కాలంటే మేనేజర్ ఏ డిగ్రీ అడుగుతున్నారో నేరుగా కనుక్కోండి. పాత రెండేళ్లు పోకూడదన్న పట్టుదలతో ఇష్టం లేని డిగ్రీలో ఇంకో మూడేళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఒరిజినల్స్ విషయానికి వస్తే, మీరు చదవని సంవత్సరాల ఫీజు అడిగే హక్కు ఆ కాలేజీకి లేదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదనీ, చదువుతున్న సెమిస్టర్‌కో సంవత్సరానికో మించి ముందుగా ఫీజు వసూలు చేయకూడదనీ యూజీసీ 2018లోనే చెప్పింది. సర్టిఫికెట్లు ఆపడం విద్యార్థి ఫిర్యాదు చేయదగ్గ విషయమని 2023 నాటి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లోనూ ఉంది. నోటిమాటలు వద్దు. ప్రిన్సిపాల్ పేరిట దరఖాస్తు రాసి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రెండు వారాలు చూసి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఆపైన యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. మీరు చదివిన కాలానికి నిజంగా బాకీ ఉంటే అది వేరే సంగతి, దాన్ని విడిగా లెక్క తేల్చమనండి. బీటెక్‌కు తిరిగి వెళ్లే ఆలోచన కాస్తయినా ఉంటే మాత్రం టీసీ తీసుకునే ముందు ఆగండి. టీసీ తీసుకున్నారంటే పేరు తీసేసినట్టవుతుంది, రీఅడ్మిషన్ అప్పుడు కష్టమవుతుంది. ముందు ఇంటర్ ఒరిజినల్స్ మాత్రం అడగండి.

ఏ దారైనా కాలేజీ నుంచి మరొకటి తెచ్చిపెట్టుకోండి: మీరు చదివిన నాలుగు సెమిస్టర్ల సిలబస్ కాపీ, ప్రతి పేజీ మీదా ప్రిన్సిపాల్ సంతకంతో. మెమోలో సబ్జెక్టు పేరు మాత్రమే ఉంటుంది, యూనిట్లలో ఏముందో ఉండదు. కొత్త చోట సబ్జెక్టులు పోల్చి చూసేవాళ్లకు కావాల్సింది ఆ యూనిట్లే. ఈ కాగితాలు లేకపోవడంవల్లే చాలా దరఖాస్తులు పక్కన పడిపోతాయి.

మీ అన్నయ్య సంగతి మిగిలింది. ఆయన మీకు చెడు చేయాలని ఆ కన్సల్టెన్సీకి వెళ్లలేదు. చెల్లెలి చదువు ఆగిపోయిందన్న బాధతో తిరిగారు, ఎవరో తేలిక దారి చూపిస్తే నమ్మారు. కాబట్టి "వద్దు" అన్న మాటతో మొదలుపెట్టకండి. ఇద్దరూ కలిసి కన్సల్టెన్సీకి వెళ్లి మూడు విషయాలు కాగితం మీద రాసిమ్మని అడగండి. పట్టా ఇచ్చే యూనివర్సిటీ పేరు, నా మెమోలో ఏయే సబ్జెక్టులకు ఎన్ని క్రెడిట్లు కలుపుతున్నారు, అడ్మిషన్ ఏ తేదీతో ఇస్తారు. సంతకం చేసి ఇవ్వమనండి. అతను ఇవ్వడు. అది అన్నయ్య కళ్లారా చూస్తే మీరు ఒప్పించాల్సిన పని ఉండదు. ఆ తర్వాత, ఆయన తిరగడానికి సిద్ధంగానే ఉన్నారు కదా, పాత కాలేజీలో సిలబస్ కాపీల మీద సంతకాలు చేయించే పని ఆయనకే అప్పగించండి. 85 వేలు కూడా దాచి ఉంచమనండి. మీరు బీటెక్‌కు తిరిగి వెళ్లదలిస్తే, జీతం లేని ఆ రెండేళ్లలో ఇంటికి అవే అక్కరకొస్తాయి.